వార్తయు కథయు: శంషాబాదు ఉదంతముపై ఒక విమర్శ

పత్రిక లోకమునకు అద్దమని పెద్దలు చెప్పుచుందురు. సినిమా వినోదమనియు, టెలివిజన్ కాలక్షేపమనియు మన యిండ్లలో సామాన్యాభిప్రాయము. ఉదయమున పత్రికను నమ్ముదుము, రాత్రి టెలివిజన్ చూతుము, సెలవునాడు సినిమాకు పోవుదుము. కాని ఈ మూడింటికిని నడుమనున్న బంధుత్వమును విచారింపము. కావ్యమును చదువునప్పుడు నాయకుడెవడు, కవి దేనిని వర్ణించి దేనిని విడిచెను, ఏ రసమును ఉద్దేశించెను అని తరచి చూచు చదువరి సైతము, పత్రిక చేతికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలను ప్రక్కకు నెట్టును. జరిగినది జరిగినట్లు చెప్పుటకు విమర్శ యెందుకని ఆతని తలంపు. ఈ తలంపు వలన గృహములకును, ముఖ్యముగా గృహములలోని ఆడపిల్లలకును కలుగుచున్న కీడును చూపుటయే మా ఉద్దేశము. ఇందుకై మేము దూరదేశముల దృష్టాంతములను వెదకబోము. హైదరాబాదు విమానాశ్రయమునకు ఆనుకొనియున్న శంషాబాదులో 2019వ సంవత్సరము చివర జరిగిన ఉదంతమును, దానిని మన పత్రికలును ఛానెళ్లును చెప్పిన తీరును, దానికి ఎంతో ముందుగానే మన సినిమాలు సిద్ధపరచి యుంచిన కథను కలిపి పరిశీలింతుము.

ఉదంతము చదువరు లెరిగినదే. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి, ఔటర్ రింగు రోడ్డుపై తొండుపల్లి టోల్‌గేటు సమీపమున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకును హత్యకును గురియయ్యెను. మరునాటి ఉదయమున షాద్‌నగరు వద్ద చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె దేహము కనబడెను. 29వ తేదీన పోలీసులు నలుగురిని అరెస్టు చేసినట్లు ప్రకటించిరి. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున ఆ నలుగురును చటాన్‌పల్లి యొద్దనే పోలీసుల తుపాకి గుండ్లకు మరణించిరి. ఇంతకు మించిన వివరములు మా విచారణకు అవసరము లేవు. అవసరము లేని వివరమును చెప్పకుండుట వార్త వ్రాయువాని మొదటి మర్యాద యని మా నమ్మకము.

ఆ మర్యాద ఆ దినములలో మొదటనే భంగపడెను. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును ప్రకటించుట భారత శిక్షాస్మృతి 228ఏ సెక్షను క్రింద నాడే నేరము. ఆమె మరణించినను ఈ మర్యాద తొలగిపోదని సుప్రీము కోర్టు 2018 డిసెంబరు 11న స్పష్టముగా చెప్పియుండెను. అయినను ఆమె పేరును, ఆమె ఛాయాచిత్రమును అనేక పత్రికలలోను, ఛానెళ్లలోను, సెల్‌ఫోనులలోను దేశమంతట తిరుగాడినవి. డిసెంబరు 1వ తేదీన పోలీసులు ఆమెను ‘దిశ’ యని పిలువవలసినదిగా కోరువరకు ఈ స్వేచ్ఛావిహారము సాగెను. అదే దినమున శంషాబాదులో ఆమె కుటుంబము నివసించు కాలనీవారు తమ ద్వారమునకు తాళము వేసి, పత్రికలవారును పోలీసులును బయటివారును రావలదనియు, తమకు సానుభూతి గాక న్యాయము కావలెననియు పలకలు పట్టుకొని నిలిచిరి. పరామర్శకై వచ్చిన నాయకులు వెనుదిరుగవలసి వచ్చెను. మా దృష్టిలో ఆ పలకయే ఈ వార్తలపై వెలువడిన తొలి విమర్శ. తమ దుఃఖము ఒకరికి వార్తగాను, మరియొకరికి ప్రసంగముగాను మారుచున్నదని ఆ గృహస్థులు ఏ శాస్త్రమును చదువకయే కనుగొనిరి.

అయినను శాస్త్రము వలన ప్రయోజనము లేకపోలేదు. పత్రికలు, సినిమా, టెలివిజన్ మనుష్యుల మనస్సులపై ఎట్లు పనిచేయునో పరిశోధించు విద్య పాశ్చాత్య దేశములలో సుమారు నూరేండ్లుగా పెరుగుచున్నది. 1922లో అమెరికా పత్రికారచయిత వాల్టరు లిప్‌మన్ ప్రజాభిప్రాయమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. మనము లోకమును చూచి నడుచుకొనుట లేదనియు, లోకమును గూర్చి మన తలలో నేర్పడిన బొమ్మలను చూచి నడుచుకొనుచున్నామనియు ఆయన వాదము. బొమ్మ ముందు ఏర్పడును. సంగతి తరువాత వచ్చి ఆ బొమ్మలో ఇముడును. 1968 ఎన్నికల సమయమున మెకోంబ్స్, షా అను ఇద్దరు పండితులు చాపెల్ హిల్ అను ఊరిలో, ఎవరికి వోటు వేయవలెనో ఇంకను నిశ్చయించుకొనని 100 మందిని ప్రశ్నించి, తమ పరిశోధనను 1972లో ప్రకటించిరి. పత్రికలు ఏ విషయములకు ఎక్కువ చోటిచ్చినవో, వానినే ప్రజలును ముఖ్యవిషయములని యెంచిరని వారు కనుగొనిరి. అనగా, పత్రిక మన చేత ఒక అభిప్రాయమును పట్టించలేకపోయినను, దేనిని గూర్చి ఆలోచింపవలెనో నిర్ణయించగలదు.

ఈ సూత్రమును మన తూనికలో వేసి చూతము. శంషాబాదు ఘోరమునకు మూడు దినములు ముందు, 2019 నవంబరు 24న, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా లింగాపురం మండలములో, ఊరూర తిరిగి చిల్లర సామానులమ్ముకొను ఒక దళిత స్త్రీ అత్యాచారమునకును హత్యకును గురియయ్యెను. నేరము ఒక్కటే, వారము ఒక్కటే, రాష్ట్రము ఒక్కటే. కాని అది మొదట జిల్లా వార్తగానే యుండెను. ఈ భేదమేమని దళిత సంఘములును స్త్రీల సంఘములును అడిగిన తరువాతనే ఆమెకును ‘సమత’ యను మారుపేరు కలిగి, ఆ సంగతి పెద్ద పుటల కెక్కెను. ఆ కేసును విచారించుటకు ఆదిలాబాదులో ప్రత్యేక న్యాయస్థాన మేర్పడెను. సాక్షుల విచారణ జరిగి, 2020 జనవరి 30న ముగ్గురు నేరస్థులకు మరణశిక్ష విధింపబడెను. నేరము జరిగిన 67వ దినమున తీర్పు! మరణశిక్షను గూర్చి చదువరులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఆ చర్చకు ఇది చోటు కాదు. మన న్యాయస్థానములు ఏండ్లు పూండ్లు గడుపునను మాటను ఆ శీతకాలమున ప్రతి ఛానెల్ లోను వింటిమి గదా. అదే శీతకాలమున, అదే రాష్ట్రమున, ఒక న్యాయస్థానము రెండు మాసములు దాటి కొలది దినములకే పని ముగించినదన్న సంగతి ఎందరి యిండ్లలో చర్చకు వచ్చెను? మాకు తెలిసిన యిండ్లలో డిసెంబరు 6నాటి పూలవానను జ్ఞాపకముంచుకొన్నవా రనేకులు. జనవరి 30నాటి తీర్పును జ్ఞాపకముంచుకొన్నవారు బహు కొద్దిమంది.

ఈ భేదమునకు కారణమును నార్వే దేశపు నేరశాస్త్రజ్ఞుడు నిల్స్ క్రిస్టీ 1986లో చెప్పియున్నాడు. సంఘము బాధితులందరిని ఒక్కతీరున చూడదు. బలహీనురాలై, గౌరవప్రదమైన పనిమీద పోవుచు, ముఖపరిచయము లేని దుర్మార్గుని చేతిలో పడినవారికే సంపూర్ణముగా కన్నీరు కార్చును. శంషాబాదు యువతిని గూర్చి వచ్చిన వార్తలలో ఆమె చదువు, ఉద్యోగము, సత్ప్రవర్తన మరల మరల చెప్పబడినవి. అవి నిజములే. కాని ఆ గుణములు లేనిచో నేరము తగ్గునా? తలపై తట్ట పెట్టుకొని ఊళ్లు తిరుగు స్త్రీ పైబడిన చేయి తక్కువ పాపపు చేయియా? పొగడ్త రూపమున ఒక కొలబద్ద మన యిండ్లలో ప్రవేశించుచున్నది. ఆ కొలబద్దకు అందని ఆడపిల్ల రేపు ఠాణాకు పోయినను, తల్లి కడకు పోయినను, మొదట తన మంచితనమును రుజువు చేసికొనవలసి వచ్చును.

ఇక భాషను గూర్చి. ఇది సాహిత్య పత్రిక గనుక ఈ భాగమున కొంత నిలిచి మాటాడుదుము. కొన్ని ఏండ్లుగా మన పత్రికల శీర్షికలలో ‘మృగాడు’ అను క్రొత్త పదము స్థిరపడినది. ‘మగాడు’ అను మాటను పోలినట్లు అల్లిన పదమిది. చెవికి చురుకుగా తగులును. ఒక్క మాటలో కోపమంతయు ఇముడును. కాని ఇది చేయు పనియేమి? నేరము చేసినవాడు మనుష్యజాతిలోనివాడు కాడనియు, ఎక్కడనో అడవినుండి మన వీథిలోనికి వచ్చినాడనియు చెప్పుచున్నది. మృగమునకు తల్లిదండ్రులు లేరు, బడి లేదు, అన్నదమ్ములు లేరు. దానిని పెంచిన యింటికి పూచీ లేదు. శీర్షిక చదివిన మగవాడు ‘నేను మృగమును కాను’ అని నిశ్చింతగా పుట త్రిప్పును. జాతీయ నేర నమోదు సంస్థ వారి వార్షిక నివేదికలను తెరచి చూచినచో, అత్యాచారపు కేసులలో నూటికి 90కి మించి నిందితుడు ఆ స్త్రీకి తెలిసినవాడే యని కనబడును: బంధువు, ఇరుగుపొరుగువాడు, స్నేహితుడు, యజమాని. అపాయము హెచ్చుగా నున్నచోట ఆ మాట దీపము వెలిగింపదు. అరుదుగా నున్నచోటనే కాగడా పట్టును.

రెండవ మాట ‘ఎదురుకాల్పులు’. పోలీసుల చేతిలో నిందితులు మరణించినప్పుడు మన పత్రికలు ఎన్‌కౌంటర్ అనియో, ఎదురుకాల్పులు అనియో వ్రాయుట చిరకాలపు వాడుక. ఎదురు అను ఆ మూడక్షరములను విప్పి చూడుడు. ఆవలివైపునుండి కాల్పులు జరిగినవి. దానికి ఎదురుగా ఈవల కాల్పులు జరిగినవి. పోలీసులు చెప్పిన వాదమంతయు ఆ మాటలోనే సిద్ధాంతమై కూర్చున్నది. నిందితులు ఆయుధములు లాగుకొని కాల్చిరని డిసెంబరు 6న పోలీసులు చెప్పినది ఒక పక్షపు కథనము. ‘అని పోలీసులు చెప్పిరి’ అను మూడు మాటలు చేర్చిన పత్రిక తన ధర్మమును నిలుపుకొన్నది. చేర్చకయే ‘ఎదురుకాల్పులలో హతము’ అని ముద్రించిన పత్రిక విచారణ జరుగకమునుపే తీర్పు వ్రాసినది. డిసెంబరు 12న సుప్రీము కోర్టు నియమించిన విశ్రాంత న్యాయమూర్తి సిర్పుర్కర్ గారి సంఘము 2022 జనవరిలో నివేదిక సమర్పించెను. అది అదే యేట మే 20న బహిరంగమయ్యెను. నిందితులు తుపాకులు లాగుకొనిరన్న కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనన్న యుద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, మరణించినవారిలో ముగ్గురు నేరము జరుగునాటికి మైనర్లనియు, 10 మంది పోలీసులను హత్యానేరము క్రింద విచారింపవలెననియు ఆ సంఘము అభిప్రాయపడెను. సుప్రీము కోర్టు తదుపరి చర్యలకై ఆ వ్యవహారమును తెలంగాణ హైకోర్టుకు పంపెను. ఆ పోలీసులును న్యాయస్థానమున విచారింపబడువరకు దోషులు కారు. ఆ నలుగురికి చెల్లవలసిన ధర్మమే వీరికిని చెల్లవలెను. మేము చెప్పదలచినది ఇంతే: ‘ఎదురు’ అని మనము తొందరపడి పలికిన మాటను రెండేండ్లు విచారించిన సంఘము అంగీకరింపలేదు.

ఇప్పుడు సినిమాను గూర్చి విచారింతము. పై సంగతులకును సినిమాకును సంబంధమేమని చదువరులు ప్రశ్నింపవచ్చును. 2019 డిసెంబరు 9న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు తెలంగాణ ప్రభుత్వమును అభినందించుచు, సినిమాలో నాయకుడు ఎన్‌కౌంటర్ చేసినచో చప్పట్లు కొట్టుదుమే, నిజజీవితమున ఒక ధైర్యవంతుడు చేసినచో ఢిల్లీనుండి మానవహక్కుల సంఘమువారు వచ్చి ప్రశ్నింతురే యను అర్థము వచ్చునట్లు మాటాడిరి. మాధ్యమముల శాస్త్రమును బోధించు పండితుడెవడును ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణమును కల్పింపలేడు. సినిమాకును జీవితమునకును నడుమనున్న గీతను చెరిపివేయవలెనన్న కోరికను ఒక రాష్ట్ర శాసనసభయే వినినది. ఇది ఒక్క నాయకుని తలంపు కాదు. ఆ దినమున చటాన్‌పల్లి వంతెనపై గుమిగూడి పోలీసులపై పూలు చల్లి జయధ్వానములు చేసిన వారి తలంపును ఆయన పలికినారు.

ఆ చప్పట్లు మనకెట్లు అలవాటయ్యెనో చూడుడు. 1985లో టి. కృష్ణ దర్శకత్వమున వచ్చిన ‘ప్రతిఘటన’లో అధ్యాపకురాలు తనను అవమానించిన రౌడీని గొడ్డలితో హతమార్చును. 1989 నాటి ‘అంకుశం’లో పోలీసు నాయకుడు రౌడీని నడివీథిలో ఈడ్చుకొనిపోవును. ఆ చిత్రములు తమ కాలపు రౌడీ రాజకీయముపై ప్రజలకు గల నిజమైన కోపమును చూపినవి. అందుకు వానిని మేము నిందింపము. కాని వాని నిర్మాణమున ఒక కిటుకు కలదు. సినిమాలో నేరమును మన కన్నులయెదుటనే చూపుదురు. ప్రేక్షకుడే సాక్షి. దుష్టుడు దుష్టుడని మనకు సందేహము లేదు గనుక, న్యాయస్థానమున వకీలు ప్రశ్నించునప్పుడు మనకు విసుగు పుట్టును. తీర్పు ఆలస్యమైనచో కోపము పుట్టును. నాయకుడు ఆయుధ మెత్తినప్పుడు హాయి కలుగును. మన కన్నులతో చూచినదానికి విచారణ యెందుకు? కథ యొక్క ధర్మమున ఇది సరియే.

జీవితమున మనము సాక్షులము కాము. తొండుపల్లిలో ఆ రాత్రి ఏమి జరిగెనో మన యిండ్లలో కూర్చున్న వారెవరును చూడలేదు. ఈ లోపమును పూడ్చుటకే టెలివిజన్ నడుము కట్టుకొన్నది. నేరవార్తలు చెప్పునప్పుడు మన ఛానెళ్లు బొమ్మలతోను, నటులతోను, భయంకరమైన సంగీతముతోను సంఘటనను మరల ఆడించి చూపుట ఎంతో కాలముగా అలవాటు. పోలీసులు చెప్పిన మాట ఆవిధముగా దృశ్యమై, దృశ్యము జ్ఞాపకమై, జ్ఞాపకము సాక్ష్యమగుచున్నది. మూడు నాళ్లు ఆ దృశ్యమును చూచిన గృహిణి, నాల్గవనాడు ‘నేను చూచితిని’ అని లోలోపల నమ్మును. సినిమా ఇచ్చిన ఆసనమున టెలివిజన్ మనలను కూర్చుండబెట్టినది. ఆ ఆసనమునుండియే మనము డిసెంబరు 6న చప్పట్లు కొట్టితిమి. పత్రిక, సినిమా, టెలివిజన్ నడుమనున్న బంధుత్వమని మేము మొదట చెప్పినది దీనినే. ఒకటి మాట నిచ్చినది, ఒకటి కథ నిచ్చినది, ఒకటి కన్ను నిచ్చినది.

తుదకు ఆ ఉదంతమే మరల సినిమాయయ్యెను. రామ్ గోపాల్ వర్మ గారు 2020లో ‘దిశ ఎన్‌కౌంటర్’ అను చిత్రమును ప్రకటించినప్పుడు, మరణించిన యువతి తండ్రి దానిని నిలుపవలెనని హైకోర్టునాశ్రయించెను. చిత్రము పేరు ‘ఆశ ఎన్‌కౌంటర్’గా మారెను. తాళము వేసిన కాలనీ ద్వారము కడ వినబడిన ప్రార్థనయే ఆ తండ్రి అర్జీలోను వినబడుచున్నది: మా బిడ్డను మీ కథలో పాత్రగా చేయవలదు అని.

కథ ముగిసినపిదప మిగిలినదేమి? ఇందుకు మొదటి దినముల వార్తలను మరల చదువవలెను. అప్పటి ప్రశ్నలు మంచి ప్రశ్నలు. కూతురు కనబడలేదని తల్లిదండ్రులు ఠాణాకు పోయినప్పుడు, ఇది మా హద్దులోనిది కాదని త్రిప్పిరన్న ఆరోపణ వచ్చెను. కేసు నమోదులో జాగు చేసిరని ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. హద్దులతో పనిలేక ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొను జీరో ఎఫ్‌ఐఆర్ సంగతి చర్చకు వచ్చెను. టోల్‌గేటు జనము లేని అడవి కాదు. రాత్రింబవళ్లు వాహనములు ఆగి సాగు చోటు. విమానాశ్రయమునకై వేల కోట్లు వెచ్చించి వేసిన దారి ప్రక్కన దీపములును గస్తీయు ఏల చాలకపోయినవని అడుగవలసియుండెను. డిసెంబరు 6తో ఈ ప్రశ్నలన్నియు ఆగిపోయినవి. వారము క్రిందట జవాబు చెప్పవలసిన శాఖ, వారము తిరుగకమునుపే పూలదండల నందుకొన్నది. నాయకుడు దుష్టుని సంహరించిన పిమ్మట వీథి దీపమును గూర్చి అడుగు ప్రేక్షకుడు ఎక్కడనైన గలడా?

అడుగబడని ప్రశ్నకు జవాబు ఆడువారి మీద పడెను. డిసెంబరు 1వ తేదీనాడే, ఆర్టీసీ స్త్రీ ఉద్యోగులకు రాత్రి 8 గంటల తరువాత పని వేయవలదని తెలంగాణ ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని దాని అర్థమేమి? రాత్రి పురుషులది, స్త్రీ దానిలోనికి రాకుండుటయే ఆమెకు రక్ష. ప్రభుత్వము చేసినదే గృహములును చేసినవి. సాయంకాలపు తరగతి మాన్పించిన తండ్రులను, దూరపు ఉద్యోగమునకు పంపనన్న తల్లులను మేమెరుగుదుము. 1960 దశకము చివరనుండి అమెరికాలో జార్జి గెర్బ్‌నరు అను పండితుడు, టెలివిజన్ అధికముగా చూచువారు లోకమును ఉన్నదానికన్న క్రూరమైనదిగా తలంతురని చెప్పుచు వచ్చెను. అట్టివారు భయము హెచ్చి కఠినశిక్షలను కోరుదురనియు ఆయన మతము. మన యిండ్లలో ఆ భయము మరియొక రూపము దాల్చుచున్నది: శిక్ష దుర్మార్గునికి కోరుదుము, నిర్బంధము కూతురికి విధింతుము. స్త్రీవిద్యకై, స్త్రీల స్వేచ్ఛాసంచారమునకై నూరేండ్లకు పైగా జరిగిన కృషి, ఒక్కొక్క నేరవార్త వెనుక ఒక్కొక్క అడుగు వెనుకకు పోవుట మనకు సమ్మతమా?

ఇచ్చట ఈ శాస్త్రములకును ఒక హద్దు గీయవలెను. ఆ దినములలో వీథులకెక్కిన ఆడపిల్లల కోపమును పత్రికలు పుట్టించినవనుట అన్యాయము. బస్సులో, కళాశాలలో, ఉద్యోగశాలలో తాము నిత్యము అనుభవించుచున్నదానినే వారు ఆ వార్తలో చూచిరి. భయము వారికి టెలివిజన్ నేర్పినది కాదు. అమెరికాలో వోటర్లను ప్రశ్నించి కట్టిన సిద్ధాంతము, ఒక పత్రికను పదిమంది కలిసి చదివి వాదులాడు మన టీ దుకాణములకు యథాతథముగా అతుకదు. మరియు పత్రిక చోటిచ్చుట యెల్లప్పుడును కీడే కాదు. 1874లో వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ని స్థాపించి లోకులు మాటాడ వెరచిన అక్రమములను పుటల కెక్కించిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు ‘ఈనాడు’ పత్రిక వారి పోరాటమునకు దినదినము చోటిచ్చెను. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. అచ్చటను పత్రిక విషయమును ముందుకు తెచ్చినదే. భేదమేమనగా, దూబగుంట వార్తలలో స్త్రీలు మాటాడిరి, పనిచేసిరి, ఫలమును కోరి సాధించిరి. శంషాబాదు వార్తలలో స్త్రీ ఛాయాచిత్రమై మిగిలినది. పని చేసినది తుపాకి.

ఇట్లైనచో గృహస్థు చేయదగినదేమి? పత్రికను మానుమని మేము చెప్పము. బర్మింగుహాములో పనిచేసిన స్టూవర్టు హాల్ 1973లో ఒక మంచి మాట చెప్పెను. పంపినవాడు ఉద్దేశించిన అర్థమునే చూచువాడు గ్రహింపవలెనను నియమము లేదు. ఒకడు ఉన్నదున్నట్లు అంగీకరించును. ఒకడు కొంత ఒప్పుకొని కొంత తన అనుభవముతో సరిచూచుకొనును. ఒకడు పూర్తిగా ఎదురుతిరిగి చదువును. ఇది మనకు క్రొత్త కాదు. పురాణము చెప్పునప్పుడు వెనుక వరుసలోనుండి ‘అట్లయిన సీతమ్మ చేసిన తప్పేమి?’ అని అడిగిన ముసలమ్మలు ఈ మూడవ తెగవారే. ఆ ముసలమ్మల ప్రశ్నను పత్రికయెదుట వేయుట మనము నేర్చుకొనవలెను.

రాత్రి భోజనమైన పిమ్మట యింటిల్లిపాదియు టెలివిజన్ ముందు కూర్చుండు వేళలో మూడు ప్రశ్నలు చాలును. ఈ మాట ఎవరు చెప్పినది, చూచినవారా, విన్నవారా? ఇదే వారములో ఇట్టిదే మరియొకటి ఎక్కడనైన జరిగి మనకు చెప్పబడక పోయినదా? ఈ కథ ముగిసిన తరువాత మన అమ్మాయికి దారి వెడల్పగునా, ఇరుకగునా? వీనిని తండ్రి యడుగవలెను, తల్లి యడుగవలెను. ముఖ్యముగా ఆడపిల్లలు అడుగుటకు ఇంట చోటుండవలెను. మగపిల్లవాడు ‘మృగాడు’ అను శీర్షికను చదువుచున్నప్పుడు, ఆ నేరస్థుడును ఒకప్పుడు నీవలెనే బడికి పోయిన బాలుడేయని తండ్రి అతనితో చెప్పి, స్త్రీల యెడ నడువదగిన తీరును మాటాడగలిగినచో, నూరు చర్చాకార్యక్రమములు చేయలేని పనిని ఆ యిల్లు చేసినట్లగును.

శంషాబాదు కాలనీవారు ఆనాడు కోరినది న్యాయము. ఆ న్యాయము ఒక ఉదయమున, సాక్షి విచారణ లేకుండ, ముగిసినదని మనకు చెప్పిరి. అది న్యాయమో కాదో న్యాయస్థానములు చెప్పవలసియున్నది. రాత్రి తొమ్మిదింటికి టోల్‌గేటు వద్ద ఒంటరిగా నిలిచిన స్త్రీ నిర్భయముగా ఇల్లు చేరగలదా యన్న ప్రశ్నకు మాత్రము ఆ ఉదయము జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నను విడువకుండ మరల మరల అడుగు పత్రికను ఆదరించుట, అడుగని పత్రికకు ఒక ఉత్తరము వ్రాయుట మన చేతిలోని పనులు. చదువరులు ఆలోచింతురు గాక.